మీటర్ పట్టుకుని రోడ్డెక్కే ముందు

నగరంలో మోత కొలిచే పని ఒకటుందనీ, దానికి జీతం ఇస్తారనీ చాలామందికి తెలియదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్సో, ఫిజిక్సో, సివిల్ డిప్లొమానో చదివి టెస్టింగ్ ల్యాబుల్లో, పర్యావరణ కన్సల్టెన్సీల్లో చేరినవాళ్ల చేతికి మొదట గాలి శాంపిలర్లు, నీళ్ల సీసాలు వస్తాయి. కొన్నాళ్లకు ఓ చిన్న పెట్టె ఇచ్చి, "రేపు పొద్దున ఆరింటికల్లా ఆబిడ్స్‌లో ఉండు, నాయిస్ పాయింట్లు తీసుకురా" అంటారు. శిక్షణ అంటే అందులో మీటర్ ఎలా ఆన్ చేయాలి, ఎలా ఆఫ్ చేయాలి, అంతే. ఈ వ్యాసం ఆ పెట్టె చేతికొచ్చినవాళ్ల కోసం, రాబోతున్నవాళ్ల కోసం.

ముందే ఒక మాట. మీటర్ నొక్కడం ఎవరికైనా వస్తుంది. మీరు తెచ్చిన అంకెను రేపు ఫ్యాక్టరీ యజమాని తరఫు లాయరో, కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరో, నిద్రపట్టని కాలనీ పెద్దాయనో ప్రశ్నిస్తే అది నిలబడాలి. జీతం ఇచ్చేది ఆ నిలబడటానికే.

మన దేశంలో ఈ పనికి ఆధారం 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75 డెసిబెల్లు, రాత్రి 70. వాణిజ్య ప్రాంతంలో 65, 55. నివాస ప్రాంతంలో 55, 45. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రకటించే నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, మిగతాది రాత్రి. ఈ ఎనిమిది అంకెలూ నోటికి రావాలి. అలాగే, మీరు నిలబడిన చోటు ఏ కోవలోకి వస్తుందో మీరు నిర్ణయించకండి. కింద మెడికల్ షాపు, పైన మూడంతస్తుల్లో కాపురాలు ఉన్న భవనాలు మన ఊళ్ల నిండా ఉన్నాయి. అది నివాసమా, వాణిజ్యమా అన్నదాన్ని బట్టి పది డెసిబెల్ల తేడా వస్తుంది. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరుకు ఏం రాసి ఉందో చూసి, ఆ పేజీ జతచేయండి. కన్సల్టెన్సీ నివేదికలను ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది ఇక్కడే.

సగటు ఎలా కడతారు?

ఉద్యోగానికి వచ్చినవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఇది: 60 డెసిబెల్లు, 70 డెసిబెల్లు, రెండింటి సగటు ఎంత? 65 అన్నవాళ్లే ఎక్కువ. జవాబు 67.4. డెసిబెల్ లాగరిథమ్ కొలత, దాన్ని మార్కుల్లా కూడి భాగించకూడదు. ఎక్సెల్‌లో ప్రతి రీడింగునూ పదితో భాగించి, పది మీద ఆ ఘాతం వేసి, వచ్చినవాటికి సగటు తీసి, ఆ సగటుకు లాగ్ కట్టి మళ్లీ పదితో గుణించాలి. ఒక్కసారి ఆ షీటు తయారుచేసి దాచుకుంటే ఉద్యోగమంతా పనికొస్తుంది.

నియమాలు అడిగేది కూడా ఈ రకం సగటునే. దాని పేరు ఎల్-ఈక్యూ. పగటి 16 గంటల్లోనో, రాత్రి 8 గంటల్లోనో వచ్చిన శబ్దశక్తి మొత్తాన్ని ఆ కాలమంతా సమంగా పరిస్తే ఎంత మట్టం అవుతుందో అది. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి మీటర్ తెరమీద కనిపించిన 78ని పట్టుకుని "పరిమితి 65, మించిపోయింది" అని రాయడం తప్పు. పేపర్లలో ఇలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి, మీ నివేదికలో మాత్రం రాకూడదు.

ఒక లెక్క చూడండి. ఓ కాలనీలో గంటసేపు 55 దగ్గర నిలకడగా ఉంది. మధ్యలో ఒక్క నిమిషం పాటు పెళ్లి బారాత్ 80తో దాటిపోయింది. మామూలు సగటు వేస్తే 55.4 వస్తుంది, ఏమీ జరగనట్టే. ఎల్-ఈక్యూ 63 వస్తుంది. గంటలో ఒక్క నిమిషం మొత్తం గంట మట్టాన్ని ఎనిమిది డెసిబెల్లు లేపింది. మరి ఆ బారాత్‌ను లెక్కలో ఉంచాలా, తీసేయాలా? అది మీరు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్కనున్న ఫ్యాక్టరీ మోతను కొలవడానికి వచ్చి ఉంటే తీసేయాలి, తీసేసినట్టు రాయాలి. కాలనీవాళ్లు నిజంగా ఎంత మోత భరిస్తున్నారో కొలుస్తుంటే ఉంచాలి. రెండు సందర్భాల్లోనూ బారాత్ ఏ నిమిషానికి వచ్చిందో మీ కాగితం మీద ఉండాలి. లేకపోతే ఆఫీసులో కూర్చున్నవాడికి గ్రాఫులో ఒక ముల్లు కనిపిస్తుంది, అదేమిటో ఎవరికీ తెలియదు.

ఎల్-ఈక్యూతోపాటు ఎల్10, ఎల్90 కూడా తీయండి. మంచి మీటర్లన్నీ ఇస్తాయి. కొలిచిన కాలంలో పదోవంతు సేపు దాటిన మట్టం ఎల్10. తొంభై శాతం సేపు దాటిన మట్టం, అంటే ఎప్పుడూ వెనక మోగుతూ ఉండేది ఎల్90. రెంటి మధ్య ఎడం పెద్దదైతే హారన్లు, విడివిడిగా దూసుకుపోయే బళ్లు. ఎడం చిన్నదైతే ఆగని ట్రాఫిక్, లేదా దగ్గర్లో జనరేటరో ఏసీ ప్లాంటో ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో అర్ధరాత్రి కూడా ఎల్90 దిగకపోతే ట్రాఫిక్‌ను తిట్టే ముందు కాసేపు సముద్రాన్ని వినండి.

ఎక్కడ నిలబడాలి

పాయింటు ఎంపిక మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. మైక్రోఫోన్ నేల నుంచి 1.2, 1.5 మీటర్ల మధ్య ఎత్తులో, ఏ గోడకైనా కనీసం 3.5 మీటర్ల దూరంలో ఉండాలన్నది వాడుకలో ఉన్న పద్ధతి. గోడ దగ్గరికి జరిగితే తగిలి వెనక్కొచ్చే శబ్దం కూడా తోడవుతుంది. ఇంటి ముఖానికి రెండు మీటర్ల దూరంలో కొలిస్తే సుమారు 3 డెసిబెల్లు పెరుగుతాయి. మూడంటే చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, రోడ్డు మీద బళ్ల సంఖ్య రెట్టింపైతే పెరిగేది కూడా ఆ మూడే. అంటే తప్పు చోట నిలబడితే లేని ట్రాఫిక్‌ను మీరే సృష్టించినట్టు.

దూరం సంగతీ అంతే. అడ్డులేని చోట, గట్టి నేల మీద, రద్దీ రోడ్డు నుంచి దూరం రెట్టింపైన కొద్దీ సుమారు 3 డెసిబెల్లు తగ్గుతాయి. పది మీటర్ల దగ్గర 72 ఉంటే ఇరవై దగ్గర 69, నలభై దగ్గర 66. జనరేటర్ లాంటి ఒంటరి యంత్రమైతే ఆరేసి చొప్పున పడిపోతుంది. కాబట్టి ఒక కూడలిలో రోడ్డు అంచుకు ఐదు మీటర్ల దగ్గర, ఇంకో కూడలిలో పదిహేను మీటర్ల దగ్గర తీసిన రీడింగులను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి "ఇది దానికంటే మోత" అనడం అన్యాయం. టేపు పెట్టి కొలవండి. అడుగులతో అంచనా వద్దు.

హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మెట్రో లైను రోడ్డు మీద కాకుండా పైన స్తంభాల మీద పోతుంది. 1.5 మీటర్ల ఎత్తులో మీరు వినేది కింద బస్సుల మోత. మూడో అంతస్తు బాల్కనీలో ఉన్నవాళ్లు వినేది వేరు. ఫ్లైఓవర్ పక్కిళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఐరోపా దేశాలు తమ నగరాల మ్యాపులను నాలుగు మీటర్ల ఎత్తుకు లెక్కిస్తాయి. మీకు ఆ వెసులుబాటు లేకపోయినా, వీలున్నచోట ఒక మేడ మీది పాయింటు అదనంగా తీసుకోండి. ఇంటివాళ్లను అడిగితే కాదనరు, టీ కూడా ఇస్తారు.

ఎప్పుడు కొలవాలన్నదానికి మన పంచాంగం మీటరంత ముఖ్యం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, ఫంక్షన్ హాళ్లు మూగబోతాయి. కానీ అదే నెలలో హైదరాబాద్‌లో బోనాలు. శ్రావణం రాగానే మళ్లీ ముహూర్తాలు. వినాయక చవితి నవరాత్రుల్లో తీసిన రీడింగు మండపాల కథ చెబుతుంది, మామూలు రోజుల సంగతి చెప్పదు. బడుల సెలవుల్లో ఉదయం ఎనిమిది గంటల ట్రాఫిక్ ట్రాఫిక్కే కాదు. పండుగ మోతే కావాలని అడిగితే పండుగనాడే వెళ్లండి. అలా అడగకపోతే మామూలు వారపు రోజులు రెండు, ఒక ఆదివారం చూసుకోండి. వాన పడుతుంటే ఆపేయాలి. తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు పెరుగుతుంది, రాత్రయితే కప్పలు సరేసరి. గాలి సెకనుకు ఐదు మీటర్లు దాటినా ఆపేయాలి. మైకు మీది స్పాంజి తొడుగు ఏ గాలిలోనైనా తీయకూడదు.

మీటర్, దాని కాగితాలు

సౌండ్ లెవల్ మీటర్లకు ఐఈసీ 61672 ప్రమాణం ఉంది. అందులో క్లాస్ 1, క్లాస్ 2 అని రెండు తరగతులు. మొదటిది ఎక్కువ కచ్చితం, ఎక్కువ ఖరీదు. టెండరులో ఏది అడిగారో చూసి అదే తీసుకెళ్లండి. పెట్టెలో వేలెడంత క్యాలిబ్రేటర్ ఉంటుంది. అది సాధారణంగా వెయ్యి హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్ల శబ్దం ఇస్తుంది. కొలత మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక మరోసారి దాన్ని మైకుకు తొడిగి చూడాలి. రెండింటి మధ్య తేడా అర డెసిబెల్ మించితే ఆ పూట డేటా పక్కన పెట్టి మళ్లీ కొలవాలి. ముగిశాక చూడటం మానేసేవాళ్లే ఎక్కువ. ఇంటికెళ్లే తొందర! ఆ రెండో చెక్కు లేకుంటే రోజంతా కష్టపడిన రీడింగులకు సాక్ష్యం లేదు. మీటర్‌కూ, క్యాలిబ్రేటర్‌కూ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు తేదీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఫోన్ యాప్‌ల గురించి అందరూ అడుగుతారు. ముందుగా ఊరు తిరిగి ఎక్కడ మోత ఎక్కువో అంచనా వేసుకోవడానికి బాగుంటాయి. ఫోన్ మైకును మాట వినడానికి తయారుచేశారు కాబట్టి గట్టి శబ్దాలను, లోతు శబ్దాలను అది సరిగ్గా పట్టదు. నివేదికలో ఆ అంకె పెట్టకండి.

లోతు శబ్దం అంటే గుర్తొచ్చింది. నియమాలన్నీ ఎ-వెయిటింగ్‌లో ఉన్నాయి, అంటే మన చెవి తీరును అనుకరించే లెక్క. ఆ లెక్క 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్లు కోసేస్తుంది. డీజే బాక్సుల దడ ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. కిటికీ అద్దాలు అదురుతున్నాయని ఫిర్యాదు, మీటర్ చూస్తే అంతగా లేదు. ఫిర్యాదు చేసినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అలాంటి చోట లోతు శబ్దాన్ని అంతగా కోయని సి-వెయిటింగ్ రీడింగు కూడా తీసి పక్కన రాయండి. రెండింటి మధ్య తేడా ఎంత పెద్దదైతే లోతు శబ్దం అంత ఎక్కువ. చట్టం ఎ-రీడింగునే చూసినా, అధికారికి పరిస్థితి అర్థమవుతుంది.

రోడ్డు మీద మనుషులు

ట్రైపాడ్ నిలబెట్టగానే జనం మూగుతారు. వాళ్ల మొదటి అనుమానం: "రోడ్డు వెడల్పు చేస్తున్నారా?" సర్వే బృందం కూడా ఇలాంటి మూడుకాళ్ల సామానుతోనే వస్తుంది కాబట్టి ఇల్లు పోతుందేమోనన్న భయం నిజమైనదే. కొట్టిపారేయకుండా "లేదండీ, హారన్ల మోత ఎంతుందో కొలుస్తున్నాం" అని చెప్పండి, ఆఫీసు లెటర్ చూపించండి. తర్వాత వాళ్లే మీకు కాపలా కాస్తారు. ఇంకో రకం ఉంటారు, మైకు దగ్గరికొచ్చి "హలో, హలో" అనేవాళ్లు, మిమ్మల్ని చూసి సరదాకు హారన్ కొట్టే ఆటోవాళ్లు. కోపం తెచ్చుకోకండి, టైము రాసుకోండి. మీరు కూడా మైకు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడకూడదు, రెండు మూడడుగులు వెనక ఉండాలి.

రాత్రి పాయింట్లకు ఒంటరిగా వెళ్లకండి, పంపిస్తామంటే ఒప్పుకోకండి. పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక కాగితం ఇచ్చి ఉంచితే గస్తీవాళ్లతో తంటా ఉండదు. రిఫ్లెక్టర్ జాకెట్, టార్చి, నీళ్లు, ఆడవాళ్లయితే దగ్గర్లో బాత్రూమ్ సౌకర్యం ఉన్న చోటు. ఇవన్నీ మేనేజర్ బాధ్యత. అడగడానికి మొహమాటపడకండి.

లాగ్‌షీట్‌లో టైము, చోటు, దూరం, ఎత్తు, గాలి, క్యాలిబ్రేషన్ అంకెలు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు మీ చెవికి వినిపించింది మాటల్లో రాయండి: "11.20కి ఎదురు సందులో బోరు రిగ్గు మొదలైంది", "గుడి మైకు, ఆరు నిమిషాలు", "బస్సు బ్రేకు కీచు". మీటర్‌కు ఎంత మోతో తెలుస్తుంది, ఎవరి మోతో తెలియదు. అది మీరే రాయాలి. వాహనాలను రకాలవారీగా లెక్కపెట్టడం కూడా అప్పుడే అయిపోవాలి. మ్యాపు గీసేవాళ్లకు అది లేకుంటే చేతులు కట్టేసినట్టే.

మ్యాపు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు మహానగరాల్లో శబ్దాన్ని నిరంతరం కొలిచే స్టేషన్ల వ్యవస్థ మొదలుపెట్టింది. హైదరాబాద్ అందులో ఒకటి. ఆబిడ్స్, పంజాగుట్ట, జీడిమెట్ల, జూబ్లీహిల్స్, జూపార్కు మొదటి దఫా చోట్లు. తర్వాత నగరానికి పది చొప్పున మొత్తం 70 అయ్యాయి. ఏళ్ల తరబడి ఒకేచోట మట్టం పెరుగుతోందా, తగ్గుతోందా చూడటానికి అవి కావాలి. కానీ పది చుక్కలను కలిపి హైదరాబాద్ మ్యాపు గీయలేం. అయినా గీస్తారు!

మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో పాయింట్లు వేసి, కొలవని చోట్ల అంకెను ఊహించే ఇంటర్‌పొలేషన్ బటన్ నొక్కితే రంగురంగుల పటం నిమిషంలో వస్తుంది. అదే ప్రమాదం. పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీద ఒక పాయింటు, వెనక ద్వారకాపురి కాలనీ లోపల ఒకటి ఉన్నాయనుకోండి. సాఫ్ట్‌వేర్ రెంటి మధ్య మెల్లగా దిగే వాలు గీస్తుంది. నిజంలో రోడ్డు వెంట వరుసగా నిలబడ్డ భవనాల దగ్గరే శబ్దం ఒక్కసారిగా తెగిపోతుంది. భూగర్భ జలాల మట్టానికి పనికొచ్చే పద్ధతి మోతకు పనికిరాదు, ఎందుకంటే మధ్యలో గోడలున్నాయి. ఇంటర్‌పొలేషన్ తప్పనిసరైతే పాయింట్లు దగ్గర దగ్గరగా ఉండాలి, వాటిని మ్యాపు మీద చుక్కలుగా చూపించాలి. ఎక్కడ కొలిచారో, ఎక్కడ ఊహించారో చూసేవాళ్లకు తెలుస్తుంది.

ఐరోపా దేశాలు 2002 నాటి ఆదేశం ప్రకారం లక్ష జనాభా దాటిన పట్టణ ప్రాంతాలకు ఐదేళ్లకోసారి మ్యాపులు తయారుచేస్తాయి. అవి ప్రధానంగా లెక్కగట్టినవి. వాహనాల సంఖ్య, వేగం, రోడ్డు ఉపరితలం, భవనాల ఎత్తులు ఇస్తే మోడల్ ప్రతి గోడ దగ్గరా మట్టం చెబుతుంది. వాళ్లు సాయంత్రపు శబ్దానికి 5, రాత్రి శబ్దానికి 10 డెసిబెల్లు అదనంగా కలుపుతారు కాబట్టి ఆ అంకెలను మన పగలు-రాత్రి అంకెలతో నేరుగా పోల్చకండి. ఇలాంటి లెక్కలు కట్టే, ఫ్రెంచి పరిశోధకులు తయారుచేసిన నాయిస్‌మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోండి. అయితే అది వాడే పద్ధతి టైర్ల చప్పుడును, ఇంజిను చప్పుడును లెక్కిస్తుంది. హారన్ అందులో లేదు. విజయవాడ బెంజి సర్కిల్‌ను హారన్ లేకుండా లెక్కగడితే వచ్చేది వేరే ఊరి మ్యాపు. కాబట్టి మోడల్ చెప్పిన దాన్ని మీ పాయింట్లతో సరిచూసి, ఎంత తక్కువ చెబుతోందో రాయాలి. భవనాల ఎత్తులు కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఊళ్లకు చాలావరకు ఉండవు. వీధిలో నడుస్తూ అంతస్తులు లెక్కపెట్టుకోవడమే.

రంగుల్లో ఒక్క జాగ్రత్త. ఐదేసి డెసిబెల్ల మెట్లు పెట్టి, 45, 55, 65, 75 దగ్గర కచ్చితంగా రంగు మారేలా చూడండి. 52 నుంచి 58 దాకా ఒకే రంగు వేస్తే నివాస ప్రాంతపు పరిమితి ఆ రంగు కింద దాక్కుంటుంది. కొందరు కావాలనే అలా వేయిస్తారు.

ఇక్కడిదాకా వచ్చాక ఆ మాట కూడా చెప్పాలి. "ఆ రెండు డెసిబెల్లు తగ్గించి రాయి, ఏమవుతుంది" అనే క్లయింటు ఎప్పుడో ఒకప్పుడు తగులుతాడు. పెద్దగా వాదించకండి. మీటర్‌లోంచి దించిన అసలు ఫైలును అదే రోజు ఆఫీసు మెయిల్‌కు, మీ పైవాళ్లకు పంపే అలవాటు మొదటి రోజునుంచే పెట్టుకోండి. తేదీ, టైముతో సహా బయటికి వెళ్లిపోయిన డేటాను దిద్దమని అడిగేవాళ్లు తగ్గిపోతారు. పాయింటు మార్చమని అడిగితే మార్చండి, కానీ పాతది కూడా ఉంచి, మార్చమన్నది ఎవరో రాయండి.

ఈ రంగంలో ఎదగాలంటే దారులు మూడున్నాయి. ఎన్ఏబీఎల్ ల్యాబుల్లో టెక్నికల్ బాధ్యత. మెట్రో, హైవే, ఎయిర్‌పోర్టు ప్రాజెక్టుల పర్యవేక్షణ. పర్యావరణ ప్రభావ అంచనాల్లో 'నాయిస్ అండ్ వైబ్రేషన్' నిపుణుడిగా నాబెట్ గుర్తింపు. మూడో దారికి అనుభవం కాగితాల మీద చూపించాలి కాబట్టి చేసిన ప్రతి పనికీ రికార్డు ఇప్పటినుంచే దాచుకోండి.

ఇంకా ఉద్యోగం రానివాళ్లు మీ వీధి చివర కూడలిని తీసుకోండి. కాలేజీ ల్యాబులో మీటర్ ఉంటే అడగండి, లేకపోతే ఆండ్రాయిడ్‌లో నాయిస్‌క్యాప్చర్ యాప్‌తోనే ఒక వారపు రోజు, ఒక ఆదివారం గంట గంటకూ కొలవండి. యాప్ అని స్పష్టంగా రాయండి. వాహనాలు లెక్కపెట్టండి, చెవికి వినిపించింది రాయండి, ఎల్-ఈక్యూ మీరే కట్టండి, ఒక చిన్న మ్యాపు గీయండి. అసలు ఫైళ్లు, లాగ్‌షీట్, మ్యాపు ఒకే ఫోల్డరులో పెట్టి ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి.